లోకం అంతమయ్యాక ఒక ఇడ్లీ రేకు

నేను ఒక ఇడ్లీ రేకుని. అల్యూమినియం దాన్ని. నాలుగు గుంటలు, గుంట గుంటకీ సన్నటి చిల్లులు, నడుమ కడ్డీ దూరడానికి ఒక పెద్ద బొక్క. చెప్పుకోదగ్గ అందం ఇంతకు మించి లేదు. అయినా నన్ను తెర మీద చూడటానికి జనం వచ్చిన రోజులున్నాయి. నేనొక సినిమాలో నటించాను. నటించాను అనేది గొప్పకి పోయి అనే మాట. ఒక మనిషి మొహాన్ని కప్పానంతే. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆయన గొంతు ఈ భూమ్మీద ఎక్కడైనా మిగిలిందా అని ఆయన భార్య వెతుక్కుంది. నా కథ అదే. నా పుట్టుపూర్వోత్తరాలు దానికి పోపు మాత్రమే.

ఆ పోపూ వేసేస్తాను. అడుగు మాడిన గిన్నెలు, తెగిపోయిన కరెంటు తీగలు, పెళ్ళిళ్ళలో నొక్కులు పడ్డ డేగిసాలు అన్నీ కలిపి కరిగించి, పలచగా సాగదీసి, అచ్చు కింద పెట్టి ఒక్క దెబ్బ కొడితే నేను పుట్టాను. అందుకే నాకు కులగోత్రాల పట్టింపు లేదు. నాతో పుట్టిన మిగతా రేకులతో కలిపి నన్నొక కడ్డీకి గుచ్చి, పాత బట్టలకి గిన్నెలిచ్చే ఆమె గంపలో వేశారు. ఆ గంప బేతంచెర్లలో సుంకమ్మ గడప ముందు దిగింది. సుంకమ్మ తన పాత చీర ఒకటి ముందు పెట్టి, అది చాలదంటే లోపలికెళ్ళి మొగుడి ప్యాంట్లు రెండు తెచ్చిచ్చింది. అవి పాతవి కావు. ఆ సంగతి గంప ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం మద్దిలేటి దండెమంతా వెతికి వంటింట్లోకి వచ్చాడు.

"ఏమే సుంకీ, నా ప్యాంట్లు యాడ?"

"పొయ్యి మీదుండాయి చూడు."

ఆయన మూత తీసి నన్ను చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు పెద్దది, పెంకులు కదిలే నవ్వు. నేను విన్న మొదటి మనిషి గొంతు అదే కాబట్టి, అందరూ అలాగే నవ్వుతారు కాబోలనుకున్నాను.

ఆ ఇంట్లో నాకు దక్కిన గౌరవం అంతంతమాత్రం. ఆ సీమలో పొద్దున్నే అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ కావాలి. ఇడ్లీ అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే తప్ప నేను గుర్తురాను. డాక్టర్లకీ నాకూ ఈ విషయంలో పోలిక ఉంది: మమ్మల్ని పిలిచారంటే ఇంట్లో ఏదో బాగాలేదన్నమాట.

ఒక ఏడు నన్ను రోజూ దించడం మొదలుపెట్టారు.

మద్దిలేటి నాపరాయి ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. ఆ ఊళ్ళో దుమ్ము వానాకాలం, ఎండాకాలం చూడదు. చెట్ల మీద, బట్టల మీద, తాలింపు గింజల మీద, మనుషుల కనురెప్పల మీద ఒకే తెల్లటి పూత. అది లోపలికి కూడా పోతుందని ఊపిరి ఆడనప్పుడు గాని ఎవరికీ గుర్తుకు రాదు. కర్నూలులో డాక్టరు ఫోటో తీసి చూపించాడట. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనట. మెత్తటి తిండి పెట్టమన్నాడు. దుమ్ముకి దూరంగా ఉండమన్నాడు. బేతంచెర్లలో ఇల్లున్నవాడికి ఆ రెండో సలహా ఎలా పాటించాలో మాత్రం చెప్పలేదు.

అలాంటి రోజుల్లో దస్తగిరి వచ్చాడు. వాళ్ళ వీధివాడే. పెళ్ళి వీడియోలు తీసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు తాళి కట్టినా దస్తగిరి కెమెరా ముందే కట్టాలి. ముడి సరిగ్గా పడలేదంటే మళ్ళీ కట్టించేవాడు. ఇప్పుడతను సినిమా తీస్తున్నాడు. పేరు 'ఆఖరి ట్రాక్టర్'. లోకం అంతమైపోతుంది. గాలి నిండా విషపు దుమ్ము. నీళ్ళు లేవు. రోడ్డు చివర ఎక్కడో ఒక ఏరుందని విని, ఒక పిల్లా ఒక ముసలి డ్రైవరూ ట్రాక్టరు మీద బయల్దేరతారు. దారిలో దొంగలు, తలల మీద కొమ్ములున్నవాళ్ళు, టైరు ముక్కలు తొడుక్కున్నవాళ్ళు. కథ అంతే.

"లోకం అంతం చూపించాలంటే శానా ఖర్చు కదప్పా?" అని మద్దిలేటి అడిగాడు.

"ఏం ఖర్చన్నా? ఈడ లోకం అంతమై శానా దినాలైంది. మనం కెమెరా పెడ్తే సాలు."

అది నిజమే. ఊరి బయట పారేసిన నాపరాయి ముక్కలు కొండలై ఉన్నాయి. పాడుబడిన గనుల్లో పచ్చటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఏ పట్నపు వాళ్ళయినా కోట్లు పోసి కట్టుకోవాల్సిన సెట్టు అక్కడ ఊరికే పడుంది.

ముసలి డ్రైవరు వేషానికి నంద్యాల నుంచి వచ్చిన నటుడు ఒక్క పూట ఎండ చూసి తిరుగు బస్సెక్కాడు. మద్దిలేటికి ట్రాక్టరు తోలడం వచ్చు. నడుము వంగింది, కళ్ళు లోపలికి పోయాయి, మేకప్పు అక్కర్లేదు. దస్తగిరి ఆ మాట పైకి అనలేదు గాని, చూపులో అదే ఉంది.

"దుమ్ములోకి పోతావా? నీకేమన్నా మతి పోయిందా?" అని సుంకమ్మ అరిచింది.

"మాస్కు ఉంటాది లేమే. పనిలో ఉన్నెన్ని దినాలు ఎవురన్నా ఇచ్చినారా? సినిమావాళ్ళు ఇస్తాండారు."

ఆ మాస్కుని నేనే.

దస్తగిరి ఇల్లంతా కలయజూసి, కడ్డీ నుంచి నన్ను లాగాడు. అంచుకి మేకుతో చిల్లులు కొట్టి సైకిలు ట్యూబు ముక్కలు కట్టాడు. పై గుంట ముక్కుకి, పక్క గుంటలు బుగ్గలకి, కింది గుంట గడ్డానికి. కడ్డీ దూరే బొక్క సరిగ్గా పెదాల ముందుకొచ్చింది. కింద వాషింగ్ మెషిను పైపు ముక్క వేలాడదీశాడు. చూస్తే నిజంగానే భయం పుట్టింది. సుంకమ్మ ఒక్కతే దగ్గరికొచ్చి చూసి, "పిండి ఏంట్లో పోయాల నేను?" అంది.

ఒక్క మాట మీకు చెప్పాలి. నేను ఆవిరిని పోనిచ్చేదాన్ని. దుమ్మును ఆపేదాన్ని కాదు. నా ఒళ్ళంతా చిల్లులే. కెమెరాలో మాత్రం ఆయన్ని కాపాడుతున్నట్టు మహా గంభీరంగా కనబడ్డాను. ఇది సుంకమ్మకి చెప్పకుండానే తెలుసు. అందుకే రోజూ షూటింగుకి వెళ్ళేముందు ఇడ్లీ గుడ్డ తడిపి, నీళ్ళు పిండి, నా లోపల పరిచి, ఆపైనే ఆయన మొహానికి కట్టేది. సాయంత్రానికి ఆ గుడ్డ సున్నంలో ముంచినట్టుండేది. ఆమె దాన్ని విదిలించి ఆ తెలుపుని చూసేది. మళ్ళీ తడిపేది.

దస్తగిరి లోకాంతాన్ని కూడా పెళ్ళి తీసినట్టే తీశాడు. దొంగలు చచ్చేముందు వరసగా నిలబడి కెమెరా వైపు చూడాల్సిందే. మద్దిలేటికి ఆ తతంగమంతా సరదా. ఊపిరి అందినప్పుడల్లా కొమ్ములవాళ్ళని ఏడిపించేవాడు. "ఒరే, నీ కొమ్ములు కింద పడినాయి, అవి నావేనని ఆడ ఒక మేక ఏడుస్తాండాది." జబ్బు పడ్డాక ఆయన్నెవరూ పనికి పిలవలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే పిలుపు. ఆ కొన్నాళ్ళు ఆయన పెరిగిన మాట నిజం. లోపల తరిగిపోతున్న మాట కూడా అంతే నిజం.

ఒక మధ్యాహ్నం దుమ్ముగాలి సీను. ట్రాక్టరు ఆగిపోతుంది. అంతా నిశ్శబ్దం. డ్రైవరు మాస్కులోంచి, తార అనే ఆ పిల్లని పేరు పెట్టి పిలిచి నీళ్ళడగాలి. మద్దిలేటి నా వెనక చాలాసేపు ఊపిరి కోసం పెనుగులాడాడు. అది నటన కాదు. తర్వాత దగ్గు. తర్వాత నీళ్ళడిగాడు.

"కట్!" అని దస్తగిరి అరిచాడు. "పేరు తప్పు చెప్పినావన్నా. సరేలే, మాస్కులో నోరు కనపడదు. డబ్బింగులో సూసుకుందాం."

ఆ తప్పు పేరేమిటో నాకు తెలుసు. సుంకమ్మ దూరంగా టెంటు కింద అందరికీ మజ్జిగ పోస్తోంది. ఆమె వినలేదు.

షూటింగు అయిపోయింది. నన్ను తీసుకెళ్ళి దస్తగిరి స్టూడియోలో మేకుకి తగిలించారు. చలికాలం మొదట్లో మద్దిలేటి పోయాడు. స్టూడియో షట్టరు సందులోంచి నాకు డప్పులు వినబడ్డాయి.

కర్మలయ్యాక సుంకమ్మ స్టూడియోకి వచ్చింది. ఆమె అడిగింది డబ్బూ కాదు, నన్నూ కాదు.

"దస్తగిరీ, మీయన్న గొంతు యాడన్నా ఉండాదా? మా మరిది పెండ్లిలో శానా మాట్లాడినాడు. నువ్వే తీసినావు కదా."

ఇంట్లో ఉన్నది బొత్తాముల ఫోను. అందులో మాట నిలవదు. దస్తగిరి ఆ పెళ్ళి వీడియో వెతికి పెట్టాడు. మద్దిలేటి కనబడ్డాడు. బంతిలో వడ్డిస్తూ, పెళ్ళికొడుకు చెవి మెలేస్తూ, నోరారా ఏదో అంటూ, ఆ పెంకులు కదిలే నవ్వు నవ్వుతూ. వినబడింది మాత్రం సన్నాయి. మొదటి నుంచి చివరి దాకా పాట మీద పాట. మనుషుల మాటలు రొదగా ఉంటాయని దస్తగిరి అన్ని పెళ్ళిళ్ళకీ అలాగే చేస్తాడు. ఊరు ఊరంతా అతని వీడియోల్లో నోళ్ళు కదుపుతూ మూగగా బతుకుతోంది.

"సినిమాలో ఉంటాది కదా?" అంది సుంకమ్మ.

దస్తగిరి తల గోక్కున్నాడు. "షూటింగులో పట్టిన గొంతు ఉత్త గుర్తు కోసం వదినా, అదంతా హైదరాబాదుకు పంపిచ్చేసినా. ఆడ వేరే ఆయనతో సెప్పిస్తాండాం. మంచి గొంతు. గంట మాదిరి ఉంటాది."

"నాకు గంట ఏంటికప్పా?" అంది ఆమె. అని వెళ్ళిపోయింది.

వేసవిలో ఊరి థియేటర్లో ఉదయం ఆట వేశారు. ముందు వరండాలో బల్ల వేసి కొమ్ముల హెల్మెట్లు, టైరు చొక్కాలు, నన్నూ పెట్టారు. సుంకమ్మ అందరికన్నా ముందొచ్చింది. అటూ ఇటూ చూసి నన్ను తీసి సంచిలో వేసుకుంది. గేటు దగ్గరతను "ఏందక్కా అది?" అంటే, "మా ఇంటి సామాను, మాయింటికి తీస్కపోతాండా," అని లోపలికి నడిచింది. నన్ను బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

తెర మీద మద్దిలేటి నోరు తెరిచాడు. గంట మోగింది. ఒక్క దగ్గు లేదు. ప్రతి మాటకీ చివర 'అండి'.

"ఓరి, మన మద్దిలేటి సచ్చి గోదారి జిల్లాలో పుట్టినాడు రా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? సుంకమ్మ వేళ్ళు నా అంచు మీద బిగుసుకున్నాయి. ఇంటర్వెల్లులో ఆమె లేవలేదు. వెళ్ళిపోదామా ఉందామా అని తేల్చుకోలేక కూర్చున్నట్టుంది.

దుమ్ముగాలి వచ్చింది. ట్రాక్టరు ఆగింది. తెర నిండా నేనే.

నా చిల్లుల్లోంచి ఊపిరి వినబడింది. బరువుగా, ఈల వేస్తున్నట్టు, మధ్యలో తెగి మళ్ళీ అందుకుంటూ. గంట కాదు. రేకు వెనక తడిగుడ్డ వెనక మనిషి. తర్వాత దగ్గు. ఆ దగ్గు ఆ వీధిలో అందరికీ తెలుసు. హాలు గమ్మునైపోయింది. తర్వాత మాట.

"సుంకీ... నీళ్ళుండాయా?"

"ఉండాయి," అంది సుంకమ్మ.

గట్టిగానే అంది. వంటింట్లోంచి అన్నట్టు అంది. ఎవరూ నవ్వలేదు. తెర మీద ట్రాక్టరు మళ్ళీ కదిలింది. ఆమె తల వంచి నన్ను చూసింది. నా గుంటల్లో తడి పడింది.

ఆట వదిలాక దస్తగిరి ఎదురొచ్చాడు. "తప్పయింది వదినా. ఆ గొంతాయనకి టైము అయిపాయ. మాస్కే కదా, నోరు కనపడదు కదా అని అన్న గొంతే ఇడిసిపెట్టినా. పేరు కూడా మార్చలే."

సుంకమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. సంచి సర్దుకుని నడిచిపోయింది.

సినిమా థియేటర్లో వారం ఆడలేదు. కానీ ఫోన్లలోకి వెళ్ళాక జనం దాన్ని పట్టుకున్నారు. కొమ్ములకి కట్టిన దారం కనబడుతోందని మురిసిపోయారు. దొంగ చచ్చేముందు కెమెరా వైపు చూశాడని వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. కోట్లు పోసిన సినిమాల్లో దొరకని నిజం ఇందులో ఉందన్నారు. నిజం ఎంత ఉందో వాళ్ళకి తెలియదు. సుంకి అంటే ఎండిపోయిన ఆ ఏటి పేరని పట్నంలో ఒకాయన రాశాడు. చదివిన వాళ్ళందరూ ఔనన్నారు. దస్తగిరి కూడా ఔనన్నాడు.

తర్వాత అతను సుంకమ్మ దగ్గరికి వచ్చాడు. హైదరాబాదులో ఏదో సినిమా ప్రదర్శన. అద్దాల పెట్టెలో నన్ను పెడతారట. పక్కన లైటు కూడా వేస్తారట.

"మళ్ళ ఇడ్లీ ఏంట్లో పోయాల?"

"మిగతా రేకులుండాయి కదా వదినా."

"సరే, రేపు రా."

అతను వెళ్ళాక ఆమె కడ్డీ నుంచి నా తోబుట్టువొకదాన్ని తీసింది. మేకుతో అంచుకి చిల్లులు కొట్టింది. షూటింగులో నాకు పడ్డ నొక్కులాంటిదే దానికీ ఒకటి పెట్టింది. పైపూ ట్యూబూ నా నుంచి ఊడదీసి దానికి కట్టింది. దస్తగిరి దాన్ని కళ్ళకద్దుకుని తీసుకెళ్ళాడు. ఎప్పుడూ ఎవరి ఊపిరీ తగలని ఆ రేకుని అద్దం బయట నిలబడి జనం ఫోటోలు తీసుకుంటున్నారట. పాపం, అదీ నా తోబుట్టువే. గుట్టు బయటపెట్టదులెండి.

నేను ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు సుంకమ్మ నన్నొక్కదాన్నే కడ్డీకి గుచ్చుతుంది. ఒక్క మనిషికి నా నాలుగు గుంటలు ఎక్కువే. గుడ్డ తడిపి, నీళ్ళు పిండి, పరుస్తుంది. పిండి వేసి మూత పెడుతుంది. కాసేపటికి కింద నీళ్ళు కాగి, ఆవిరి లేస్తుంది. దాన్ని ఆపడం నాకు చేతకాదు. నా చిల్లుల్లోంచి అది బరువుగా, ఈల వేస్తున్నట్టు, మధ్యలో తెగి మళ్ళీ అందుకుంటూ పోతుంది.

అప్పుడామె ఏ పనిలో ఉన్నా ఆపేస్తుంది. పొయ్యి దగ్గరకొచ్చి, మూత ఓరగా ఎత్తి, అడుగున నీళ్ళు చూస్తుంది.

"ఉండాయి లే," అంటుంది.