లోమే వెళ్లాల్సిన బస్తా

రేపల్లె స్టేషన్లో తెనాలి పాసింజరు కూత పెట్టే వేళకి లిడియా రైసు మిల్లు గేటు దాటాలి. ఆలస్యమైతే గుమాస్తా గిరీష్ ఏమీ అనడు గాని గడియారం వంక చూసి దగ్గుతాడు. ఆమె చీర మీద భర్త ఫ్రాన్సిస్ పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, పైనుంచి వేలాడే కుట్టుమిషను అందుకునేది. కాటా మీద నుంచి బస్తా దిగగానే మూతి మడిచి ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టేది. హమాలీ కిషోర్ దాన్ని వీపున వేసుకుని పోయేవాడు. సాయంత్రానికి మిషను అదురుకి ఆమె చేతులు మోచేతుల దాకా మొద్దుబారేవి.

దారం తెంపగానే బస్తా పలికేది. ఆ బియ్యం ఎవరింట్లో ఉడుకుతుందో ఆ ఇల్లు వినపడేది. చెవి ఆనిస్తే గిన్నెల చప్పుడు, పిల్లల పేచీ, ఎవరో ఎవర్నో అన్నానికి పిలవడం. మిల్లు పెట్టిన దగ్గర్నుంచీ అంతే గనక దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. పొన్నూరు హోటళ్లకు పోయే బస్తాల్లో ఎప్పుడూ ప్లేట్లు కడిగే గోల. ఓడ సరుకు వేరు. ఆ సంచుల మీద నీలం అక్షరాలతో లోమే అని రేవు పేరుండేది. ఆఫ్రికాలో ఉందట. వాటిలోంచి ఏదో దంచుతున్న రోకటిపోటూ, తెలియని భాషలో ఆడవాళ్ల నవ్వులూ వచ్చేవి. ఆ బస్తాల్ని లారీలో కాకినాడ రేవుకి తోలేది ఫ్రాన్సిసే. వెనక అంతమంది సంసారాలు మోగుతుంటే స్టీరింగు ముందు కునుకు కూడా రాదని అంటుండేవాడు.

2020 మార్చి నెలాఖరుకి అన్నీ ఆగిపోయాయి. పాసింజరు ఆగింది. బాపట్ల వైపు నుంచి వచ్చే ధాన్యం లారీలు ఆగాయి. రేవులో ఓడ లంగరేసుకుని నిలబడింది, ఎక్కించే మనుషుల్లేరు. అవతల కొనేవాళ్ల ఊళ్లలోనూ బ్యాంకులు మూసేశారన్నారు. ఫ్రాన్సిస్ పంతొమ్మిది రోజులు రేవు బయట లారీలోనే వండుకుని తిని, ఎక్కించుకున్న సరుకుతోనే వెనక్కొచ్చాడు. లోమే బస్తాలు గోడౌన్లో కప్పు దాకా ఉండిపోయాయి.

ఉండిపోయి, ఒక్కొక్కటే పలకడం మానేశాయి.

ఓనరు వెంకట సుబ్బయ్య గారు మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి, వరసల మధ్య చాలాసేపు తిరిగాడు.

"ఏంటి లిడియమ్మా, ఒక్కటీ పలకట్లేదు?"

"పలకట్లేదండి. నిన్న ఆ మూల రెండు పలికినయ్యండి. ఇయ్యాళ అవీ లేవు."

"ఎవరూ తినరంటావా దీన్ని?"

ఆయన ఒక బస్తా మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు కాసేపు చూసి, తీసేశాడు. మే నెలలో మిల్లులో పనిచేసే వాళ్లందరికీ వాటిలోంచే తలా ఒక బస్తా ఇచ్చాడు. మళ్లీ మిల్లు తిరిగేదాకా తన చేతనైంది అంతేనన్నాడు.

ఫ్రాన్సిస్ తమ బస్తాని ఆటోలో తెచ్చి నట్టింట్లో దించి, స్నానానికి దొడ్లోకి వెళ్లాడు. గడప దాటగానే బస్తాకి మాటొచ్చింది. అత్తగారు సరోజ వంగి చెవి పెట్టింది. లిడియా కూడా పెట్టింది. తమ ఇల్లే. సరోజ కంచం జరుపుకుంటోంది. లిడియా మజ్జిగ పోస్తోంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా తింటున్నారు.

"వాడేడే?" అంది సరోజ.

"ట్రిప్పుకెళ్లుంటాడు."

"బస్తాడు బియ్యం తినేదాకా ట్రిప్పులోనే ఉంటాడా?"

లిడియా ఇంకోసారి విన్నది. రెండు కంచాలు. మూడోది లేదు. దొడ్లో ఫ్రాన్సిస్ చెంబుతో నీళ్లు పోసుకుంటూ ఉఫ్ ఉఫ్ అంటున్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. ఏమీ అనిపించలేదు. బస్తాని ఈడ్చి మంచం కిందకి నెట్టింది. దాని మూతి విప్పలేదు. రేషను బియ్యమే వండింది. సన్నబియ్యం ఇంట్లో పెట్టుకుని ఇదేంటని ఫ్రాన్సిస్ అడిగితే లిడియా అతని కంచంలో ఇంకో గరిటె వేసింది.

జూలైకి గాలి మళ్లింది. బియ్యం అమ్మే దేశాలు కొన్ని మా జనానికే చాలదని తలుపులేసుకోవడంతో, కొనేవాళ్లంతా ఇటు తిరిగారు. సుబ్బయ్య గారి ఫోను చల్లారలేదు. మిల్లు తిరిగింది. గోడౌన్లో పాత బస్తాలు గొంతు సవరించుకున్నట్టు ఒక్కొక్కటే పలకడం మొదలెట్టాయి. మళ్లీ ఆ నవ్వులు, ఆ రోకటిపోట్లు. ఫ్రాన్సిస్ నాలుగు ట్రిప్పులు తోలాడు. అయిదోదాన్నుంచి తిరిగొస్తూంటే దారిలో జ్వరం చూసేవాళ్లు లారీ ఆపి, ఇంటికి పంపకుండా అటునుంచటే తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

లోపలికి ఎవర్నీ రానివ్వరు. రోజుకోసారి ఫోను. "ఆక్సిజన్ పెట్టామండి," అనేది ఒకమ్మాయి గొంతు. మర్నాడూ అదే. మూడో రోజు ఆ అమ్మాయి, "ప్రార్థన చేసుకోండమ్మా," అంది.

లిడియా ప్రార్థన చేసుకుంది. మాటలు వచ్చాయి గాని తనవి కానట్టున్నాయి. పొద్దున్నే మామూలుగా మిల్లుకి వెళ్లి, కుట్టుమిషను ముట్టుకోకుండా గోడౌన్లోకి నడిచింది. గిరీష్ వెనకాలే వచ్చాడు.

"ఏంటమ్మా, కాటా దగ్గర బస్తాలు ఆగిపోయినయ్."

"నా మనిషి గొంతు వెతుక్కోవాలండి."

గిరీష్ కాటా దగ్గరికి ఇంకో మనిషిని పంపాడు.

ఆమె వరస వరసకీ చెవి పెట్టుకుంటూ పోయింది. పై వరసలు అందకపోతే కిషోర్ దించి పెట్టాడు. మొదటి రోజు గడిచింది. ఎన్నో ఇళ్లు. ఎవరో తాత కథ చెబుతున్నాడు, ఎవరో పెళ్లాం మీద అరుస్తున్నాడు, ఒక పసిపిల్ల ఒకటే దగ్గు. రెండో రోజు మధ్యాహ్నం, తర్వాత లారీకి ఎక్కించాల్సిన వరసలో, గోడవారగా ఉన్న బస్తా దగ్గర ఆమె ఆగిపోయింది. అప్పడాన్ని పిడికిలితో గుద్ది అన్నం మీద చల్లుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత ఫ్రాన్సిస్ గొంతు, బాగా నీరసంగా. "అమ్మా, నువ్వు తిన్నావా?"

లిడియా ఆ బస్తాని రెండు చేతులా పట్టుకుంది. కిషోర్ వెళ్లి సుబ్బయ్య గారిని పిలుచుకొచ్చాడు. ఆయన చెవి పెట్టి విన్నాడు.

"మీవాడే," అన్నాడు.

"ఇది నాకిప్పించండి."

"తనిఖీవాళ్లు ఈ లాటు లెక్కచూసి సీలేసి వెళ్లారమ్మా. ఒక్కటి తగ్గినా రేవులో మొత్తం ఆపేస్తారు. నాలుగు నెలల తర్వాత కదిలిన సరుకిది."

"తగ్గదండి. మీరిచ్చిన బస్తా అట్టాగే ఉంది ఇంట్లో. మూతి కూడా విప్పలేదు. ఈ బియ్యమే అది. దాన్ని కొత్త సంచిలో పోసి కుట్టేస్తాను."

"విప్పలేదా? మరి ఇన్నాళ్లూ ఏం తిన్నారు?"

"రేషను బియ్యమండి." ఆయన సరేనన్నాడు. కిషోర్ సైకిలు మీద వెళ్లి మంచం కింద బస్తా తెచ్చాడు. దాని సంచి మాసిపోయిందని కొత్త లోమే సంచి పట్టుకుని, అందులోకి దాన్ని కుమ్మరించారు. తన ఇంటి బస్తా ఖాళీ అవుతుంటే లిడియా చూస్తూ నిలబడింది. సరోజ కంచం చప్పుడు, తన మజ్జిగ చప్పుడు దాంతోపాటే పోయాయి. కాటా వేశారు. ఆమె మూతి మడిచి, ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టి, దారం తెంపింది.

బస్తా పలికింది. పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నాయి. ఒకావిడ ఎవర్నో పిలుస్తోంది, ఇద్దరు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. గరిటె గిన్నెకి తగిలింది. ఒకటి, రెండు, మూడు. అంతే. ఆ తర్వాత తింటున్న చప్పుడు. ఎవరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు.

లిడియా చెవి తియ్యకుండా అలాగే ఉంది. ఇంకో గొంతు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"ఎవరింటికక్కా?" అన్నాడు కిషోర్.

"తల్లీ బిడ్డలు."

"ఆయన ఊళ్లో లేడేమో."

"ఆఁ. లేడేమో."

కిషోర్ బస్తా వీపున వేసుకుని లారీ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఆపలేదు.

ఆ సాయంత్రమే లారీ కదిలింది, ఫ్రాన్సిస్ సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. మర్నాడు ఆసుపత్రి అమ్మాయి ఫోను చేసి, "కొంచెం నయమండి, కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగారు," అంది. పన్నెండో రోజుకి ఇంటికి పంపారు. ఆటో దిగి గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. పది కిలోలు తగ్గాడు. సరోజ అప్పడాలు వేయించింది. లిడియా మిల్లు నుంచి తెచ్చుకున్న ఆ బస్తా విప్పి అన్నం వండి పెట్టింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. ఫ్రాన్సిస్ అన్నం కలుపుతూ తలెత్తి ఆమెని చూశాడు.

"ఏంటే అట్టా ఉన్నావు? బతికొచ్చాగా."

"బతికొచ్చావు," అంది లిడియా. మారు వడ్డించింది.

మిల్లు ఇప్పుడు రెండు షిఫ్టులు నడుస్తోంది. ఆమె అక్కడే కుడుతోంది. దారం తెంపాక అందరి కంటే ఒక్క క్షణం ఎక్కువ చెవి ఆనించి, ఒక మగగొంతు వినపడేదాకా బస్తాని వదలదు. వినపడకపోతే కిషోర్ వచ్చి పక్కన నిలబడతాడు. కాసేపు చూసి, "వదులక్కా," అంటాడు. వదులుతుంది.

లోమేలో ఆ బస్తా విప్పి ఉంటారు. తినేసి కూడా ఉంటారు. ఆ ఇంట్లో నాలుగో కంచం ముందునుంచీ లేదో, ఆ పూట నుంచే లేదో, అడగడానికి లిడియాకి ఆ భాష రాదు.