డ్రమ్ము మీది బోర్డు

"ఇంక చదివేదేం లేదుగా, ఆ గిన్నెలు కాస్త తోమెయ్యి" అంది అమ్మ.

మామూలుగానే అంది. ఆ మాటలో విసుగూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. అందుకేనేమో డాక్టరమ్మకి లోపలెక్కడో కలుక్కుమంది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమెకో గది, ఆ గదికో తలుపు, తలుపుకో గడియ ఉండేవి. "అది చదువుకుంటోంది" అన్న ఒక్క మాట చీపురునీ, పొయ్యినీ, బట్టల బకెట్టునీ తలుపు ఇవతలే ఆపేసేది. ఆ పనంతా ఏమైందంటే ఎక్కడికీ పోలేదు, అమ్మ నడుం మీదికి చేరింది. రెండోసారి రాసిన మెడికల్ ఎంట్రన్సులో కూడా సీటు రాలేదని తెలిసిన మర్నాడే గడియ ఉన్న గది అన్నయ్యకి వెళ్ళిపోయింది. వాడేం చదువుతున్నాడని ఎవరూ అడగలేదు. వాడికి గది కావాలంటే కారణం అక్కర్లేదు.

డాక్టరమ్మ ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు తాతయ్య కాలి దెబ్బకి తన రిబ్బను విప్పి కట్టు కట్టిందని నాన్న మురిసిపోయి పెట్టిన పేరు. ఇంట్లో పుట్టిన పేరు వీధిలోకి వెళ్ళింది. పక్కింటావిడ మోకాలు చూపించేది. అత్తయ్య వచ్చినప్పుడల్లా నోరు తెరిచి నాలుక చాపేది. పిల్ల ఏం చెప్పగలదు, "నీళ్ళు బాగా తాగండి" అనేది, వాళ్ళు తలూపేవాళ్ళు. ఇప్పుడు నాన్న ఆమెని ఏమని పిలవాలో తెలియక పిలవడమే మానేశాడు. అన్నయ్య ఒక్కడే ఇంకా అలా పిలుస్తున్నాడు, సాగదీసి మరీ.

గిన్నెలు తోమేది పెరట్లో, నీళ్ళ డ్రమ్ము పక్కన. ఆ డ్రమ్ము మీద మూతగా ఉన్న రేకు ఆమె బోర్డే. నాన్న సైన్‌బోర్డులు రాసే పెయింటరు. మొదటిసారి పరీక్ష రాసి వచ్చిన రోజే, ఫలితాల దాకా కూడా ఆగకుండా, రేకు తెచ్చి డాక్టర్ అని పెద్దక్షరాల్లో, కింద ఆమె పేరు వేయించి బీరువా వెనక దాచాడు. ఏడుపొచ్చే సంగతే గానీ, ఇలాంటి పని నాన్న తప్ప ఇంకెవరూ చెయ్యరు. మొన్న డ్రమ్ములో బల్లి పడింది. అమ్మ మూతకి వెతుకుతుంటే ఇది దొరికింది. కూతురు చూసి బాధపడుతుందని అక్షరాలు లోపలికి ఉండేలా బోర్లించింది. అమ్మ ప్రేమ ఎప్పుడూ అంతే, పనిలో పనిగా ఉంటుంది.

ఆదివారం అత్తయ్య వచ్చింది. శనివారంలోగా ఏ డిగ్రీయో తేల్చుకుని దరఖాస్తు పెట్టాలి కాబట్టి అందరూ ముందుగదిలో కూర్చున్నారు.

"నర్సింగు చేయించరా తమ్ముడూ. రేపు ఇంట్లో ముసలాళ్ళకైనా పనికొస్తుంది" అంది అత్తయ్య.

"రక్తపరీక్షల కోర్సుందిట. దానికీ తెల్లకోటు ఇస్తారు" అన్నాడు నాన్న.

"ఏదైతేనేం గానీ, సాయంత్రానికి ఇల్లు చేరేలా ఉండాలి. నా వల్ల కావడం లేదు" అంది అమ్మ.

"ఏం చదివినా చివరికి పెళ్ళేగా" అన్నాడు అన్నయ్య, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

డాక్టరమ్మ అందరికీ టీ గ్లాసులు అందించి గోడకి ఆనుకుని నిలబడింది. ఇంటినిండా మనుషులు. మాట్లాడుతున్నదంతా ఆమె గురించే. ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. పోనీ అడిగితే ఏం చెప్పేది? అదే ఆమెకి భయంగా ఉంది. డాక్టర్ కావాలని నాన్న అనుకున్నాడు, వీధి అనుకుంది, వాళ్ళతో పాటు తనూ అనుకుంది. ఆ కోరికని పక్కకి లాగితే కింద తనదంటూ ఏమైనా ఉందా అని లోపల తడుముకుంటే చేతికేమీ తగల్లేదు. అంతమంది మధ్యలో అంత ఒంటరిగా ఆమె ఎప్పుడూ లేదు. ఖాళీ గ్లాసులు పట్టుకుని పెరట్లోకి వచ్చేసింది.

నీళ్ళ కోసం రేకు ఎత్తింది. ఎత్తి, తిప్పి చూసింది. డాక్టర్ అన్న మాట చూడగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయనుకుంది. తిరగలేదు. ఆమె కళ్ళు నేరుగా క కింద ఉన్న ట వత్తు మీదికి వెళ్ళాయి. తేమకి అక్కడ రంగు పొంగి చిన్న బుడగ లేచింది. అయ్యో, కింద పూత సరిగ్గా ఆరకుండానే పైపూత వేశాను, గీకి మళ్ళీ దిద్దాలి, అనుకుంది.

అనుకుని, ఆగిపోయింది.

దిద్దింది తనే మరి. నాన్నకి చెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచీ సుద్దపూసిన దారంతో ఆయన గీతలు కొట్టడం, అక్షరాలు ఆమె వెయ్యడం అలవాటైపోయింది. అదీ గదిలో నేల మీద పెట్టి వేసే రేకులే. గోడల మీద రాతలకి రానిచ్చేవాడు కాదు. "ఆడపిల్ల నిచ్చెనెక్కితే జనం బోర్డు చూడర్రా" అనేవాడు. నిచ్చెన మోసినందుకు అన్నయ్యకి చేతిఖర్చు ముట్టేది. అక్షరాలు వేసినందుకు ఆమెకి, చేతులు కడుక్కోవడానికి టర్పెంటైను. షాపువాళ్ళు "ఎంత బాగా రాశారండీ" అంటే, నాన్న ఆమె ముందే "నేనే రాశానండీ" అనేవాడు. ఆమెకీ అది తప్పనిపించలేదు. ఇంటి పని ఎవరు చేశారని ఎవరైనా చెప్పుకుంటారా?

కానీ ఆ వత్తు. నాన్న గీసిన గీతల్లో అది ఇరుక్కుపోతుంటే, ఆయన భోంచేస్తుండగా గీతలు చెరిపి, పైఅక్షరం కాస్త లేపి, వత్తుకి ఊపిరాడే చోటు ఇచ్చింది. ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియలేదు. పుస్తకాల ముందు గడియ వేసుకుని కూర్చున్న రెండేళ్ళలో ఒక్కసారైనా అలా జరిగిందా? ఆమె గుర్తు చేసుకోబోయింది. లేదు.

డిజైన్ డిగ్రీ ఒకటి ఉందని, అందులో అక్షరాలు గీయడం కూడా నేర్పుతారని ఎప్పుడో ఫోన్లో చూసి, మనకెందుకులే అని దాటేసింది. ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు మీరు సొంతంగా చేసిన పని ఏదైనా తీసుకురండి, అని ఉంది అక్కడ.

రేకు పట్టుకుని తడిచేతులతోనే ముందుగదిలోకి వచ్చింది. మాటలు కూడదీసుకుంటే ఆగిపోతానేమోనని, ఆ డిజైన్ డిగ్రీలో చేరతానని గబగబా చెప్పేసింది.

అత్తయ్య బుగ్గన వేలేసుకుంది. నాన్న మొహం మాడిపోయింది.

"రంగు చేతుల బతుకు నాతో పోవాలనే కదమ్మా నిన్ను డాక్టర్ని చేద్దామనుకున్నది! అయినా ఆ బోర్డు రాసిన రోజు నీ మొహం ఎంత వెలిగిపోయిందో నేను చూడలేదా? అంత కోరిక పెట్టుకుని ఇప్పుడిదేంటి?"

"నిజమే నాన్నా, వెలిగిపోయే ఉంటుంది. డాక్టర్ని అవుతానని కాదు. బోర్డు రాస్తున్నానని."

అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి డ్రమ్ము మీద పెద్ద పళ్ళెం బోర్లించిన చప్పుడు వినిపించింది.

అన్నయ్య మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి నవ్వాడు. "ఇంతకీ ఇంటర్వ్యూకి ఏం పట్టుకెళ్తావ్? డాక్టర్ అని రాసున్న ఈ రేకా? చూసి ఏమంటారు వాళ్ళు? ఏం చెప్తావు?"

ఆమె వాడివైపు చూడలేదు. రేకు మీద నీళ్ళు పమిటతో తుడిచి, నాన్న కళ్ళలోకి చూసింది.

"నేనే రాశానని చెప్తాను."