కోసిన కొద్దీ నెమ్మదించిన కంప్యూటర్

వరంగల్ బట్టలబజారులో సాంబమూర్తి సేటు నూలు దుకాణానికి కంప్యూటర్ వచ్చిన ఏడాది, దానికన్నా ఎడ్లబండి నయమని బజారంతా నవ్వింది. లోపలి గదిలో పెద్ద మిషన్, దానికి తీగలు కట్టి కౌంటర్ల మీద నాలుగు తెరలు. నేతగాడు నూలు ఉందా అని అడిగితే తెర మీద జవాబు రావాలి. పరకాల గట్టయ్య నున్నగా గీయించుకొని వచ్చి నిలబడితే, జవాబు వచ్చేసరికి గడ్డం బొడ్డు దాకా పెరిగిందట. అదీ నెరిసి. చూసినవాళ్లు కొంచెం తగ్గించే చెబుతారు.

ఆ ప్రోగ్రాం రాసింది జయరాజు. శనివారంలోగా వేగం రాకపోతే మిషన్ ఉంటుంది, నువ్వుండవని సేటు చెప్పేశాడు.

జయరాజు చేయని పని లేదు. సరుకు పట్టికను ప్రతిసారీ మొదటి నుంచి చదవకుండా, ఏది ఎక్కడుందో చెప్పే సూచిక కట్టాడు. రోజూ అడిగేవాటిని మిషన్ జ్ఞాపకంలోనే ఉంచాడు. పొద్దున దుకాణం తీయకముందు చూస్తే గుర్రం, జనం వచ్చాక నత్త.

పని నేర్పిన లక్ష్మీనారాయణ అన్నే మిషన్ గదికి పెద్ద. రోజూ భుజం మీద చెయ్యేసి చాయ్ తాగించేవాడు. నీ ప్రోగ్రామే బరువు తమ్మీ, కొయ్యి అనేవాడు. అన్న మాట కదా అని జయరాజు కోస్తూ పోయాడు. చివరికి చీటీల మీద నేతగాళ్ల పేర్లు తెలుగులో అచ్చయ్యే ముక్క మిగిలింది. దాని కోసం ఒక వానాకాలమంతా కూర్చున్నాడు. నేతపని చేసే మొగిలమ్మ తన పేరున్న చీటీని దేవుడి పటం పక్కన అంటించుకుంది. అదీ కోసేశాడు. ఆ రోజు అన్నం సయించలేదు. వేగమూ రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. కౌంటర్ల దగ్గర నరపురుగు లేదు. అయినా తెర గుడ్లప్పగించి కూర్చుంది. జయరాజు అనుమానంతో, ఇప్పుడు ఏమేం పనులు నడుస్తున్నాయో చూపమని మిషన్‌నే అడిగాడు. తనదొకటి. దాని పైన, బలమంతా తాగేస్తూ లక్ష్మీనారాయణ పేరున ఇంకొకటి.

లోపలి మిషన్ గది తలుపు తోశాడు. అన్న కంప్యూటర్ జాతకాలు వేస్తున్నాడు. గ్రహాల లెక్క తేలేదాకా మిషన్ ఇంకెవరి గోడూ వినడం లేదు. బెంచీ మీద పెళ్లిళ్ల వాళ్లు వరసగా కూర్చున్నారు.

“నా ప్రోగ్రామే బరువన్నవు గదనే. మొగిలమ్మ పేరు సుత కోయిపిచ్చినవు నాతోని.”

“జర మెల్లగ మాట్లాడు తమ్మీ. ఇంక రెండే ఉన్నయి.”

శనివారం సేటు రాకముందే లక్ష్మీనారాయణ జాతకాలు ఆపేశాడు. అడగబోయేదానికి కూడా తెరలు జవాబిచ్చేలా ఉన్నాయి. సేటు ముఖం చాటంతైంది. పిల్లగాడి ప్రోగ్రాంలో కొవ్వుంటే తానే దగ్గరుండి కోయించానని లక్ష్మీనారాయణ చెప్పుకున్నాడు.

జయరాజు ఆగలేక జాతకాల సంగతి బయటపెట్టాడు. సేటు నవ్వాడు.

“అది నాకెర్కనే. మా బిడ్డ జాతకం సుత ఆయననే ఏసిండు. ఇప్పుడు మిషన్ ఉరుకుతాంది, నీ నౌకరి నీకున్నది. ఇగ ఫికరేంది?”

సేటు వెళ్లిపోయాడు. లక్ష్మీనారాయణ భుజం మీద చెయ్యేయబోయాడు.

“దా తమ్మీ, చాయ్ తాగుదాం.”

జయరాజు కుర్చీ పక్కకు జరుపుకున్నాడు.

“మీరు పోయి తాగున్రి సార్,” అన్నాడు.