నిద్రపోతున్న గుట్ట

"కొత్తిమీర ఏరడమంత పని. నువ్వు పోయి లెక్కపెట్టుకొని రా, రాసేది నేను రాస్తాను" అన్నారు మా ఆయన.

అప్పుడు నేను నిజంగానే కొత్తిమీర ఏరుతున్నాను.

ఆయన పేరు గురురాజ. ఆదోని కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. అదే శాస్త్రంలో నాకూ డిగ్రీ ఉంది. పెళ్ళయినప్పటి నుంచి అది ట్రంకుపెట్టెలో ఉంది. పదకొండేళ్ళుగా ఆయన నోట్సులూ వ్యాసాలూ నేనే రాస్తున్నాను. సంతకం ఆయనది. "పొయ్యి ముందు కాకుండా కుర్చీలో కూర్చునే యోగం ఎంతమందికుంటుందే రమా" అంటారు మా అత్తగారు సుభద్రమ్మ.

ఈసారి పని పెద్దది. దేవనకొండ దారిలో ముగ్గురాయి తవ్విన కంపెనీ ఒకటి గని పూడ్చి, ఆ దిబ్బ మీద మొక్కలు నాటింది. దిబ్బ మళ్ళీ మునుపటి నేలలా అయిందని తేలితే పక్క గుట్టను తవ్వుకోనిస్తారు. తేల్చి రాసివ్వాల్సింది మా ఆయన. మూడు ఊళ్ళ మేకలు మేసేది ఆ గుట్ట మీదే.

లెక్కకు ఒక కర్రచట్రం, నాలుగు వైపులా మీటరు. మనకు నచ్చిన చోటు ఎంచుకోకుండా, వెనక్కి తిరిగి భుజం మీదుగా విసరాలి. లోపల పడిన ప్రతి మొక్కనూ లెక్కపెట్టాలి. దిబ్బ మీద ఇరవై చోట్ల, తవ్వని గుట్ట మీద ఇరవై చోట్ల. దిబ్బ గుట్టకు తూగాలి. అంతే.

చట్రం మోయడానికి ఉచ్చీరమ్మ వచ్చింది. ఆ గనిలోనే పన్నెండేళ్ళు గంప మోసిన మనిషి. అది ఎనభై నాలుగో సంవత్సరం, ఉగాది రోజుల ఎండ. దిబ్బంతా సర్కారు తుమ్మతో పచ్చగా ఉంది. గుట్ట బోడిగా ఉంది. పచ్చగా కనబడినవి రాసుకున్నాను. చట్రానికి దిబ్బ మీద పద్నాలుగు, గుట్ట మీద నాలుగు.

చివరి చట్రం దగ్గర ఉచ్చీరమ్మ అడిగింది. "ఎన్ని రాసినావమ్మా?"

"నాలుగు."

ఆమె పడీపడీ నవ్వింది. "ఎండితే సచ్చినాయనుకుంటివా? నిద్దర పోతాండాయి. సదువుకున్నదానివి, నీకు తెలుసులే అని ఊరకుంటి."

కూర్చుని ఒక ఎండుకుదురు మొదట్లో గోరుతో గీకింది. లోపల పచ్చన. "ఇది బోద గడ్డి. ఇది సెంగలి గడ్డి. ఈ పుల్ల సుగందిపాల, వాన పడితే తీగ పాకుతాది. ఇది బందారు పొద మొదలు." ఒక్క చట్రంలో తొమ్మిది రకాలు. దిబ్బ మీద ఉన్నది ఒకే రకం, అదీ ఈ నేలది కాదు.

నా లెక్క మొత్తం తప్పు.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన పేపరు దించలేదు. "ఎల్లుండి కర్నూలు నుంచి గనుల అధికారి వస్తున్నాడు. కంపెనీ మేనేజరు జయన్నకు మాటిచ్చాను. గంప మోసే ఆమె చెబితే నేను తిరగరాయాలా?"

మర్నాడు కైరుప్పల జాతరలో జనం రెండు జట్లుగా పిడకలతో కొట్టుకునే రోజు. కంపెనీ జీపు డ్రైవరు అటే పోయాడు. నేను తెల్లవారుతూనే బస్సెక్కాను. "మరి వంట?" అన్నారు అత్తగారు. "ఈ పూట మీరే చెయ్యాలి అత్తయ్యా" అన్నాను.

గుట్ట మీద ఇరవై చట్రాలు మళ్ళీ వేశాం. ఉచ్చీరమ్మ గీకేది, పేరు చెప్పేది, నేను రాసేదాన్ని. కాసేపయ్యాక పేరు నన్నే చెప్పమనేది. తప్పు చెబితే "కాదు, మళ్ళీ సూడు" అనేది, అంతేగాని ఒక్కసారీ కసురుకోలేదు. నాకు తెలిసింది తక్కువని ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. తెలియనిది ఇంత ఓపికగా చెప్పినవాళ్ళు లేరు. మధ్యాహ్నం ఆమె తన జొన్నరొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టి, "మీవోళ్ళు మా సేతిది తింటారో లేదో" అని సందేహించింది. తిన్నాను. పదకొండేళ్ళలో ఎవరో నాకు పెట్టగా కూర్చుని తిన్న మొదటి భోజనం అది. ఆ మనిషికి నేనేమవుతానని? కళ్ళు తడిశాయి. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

మరునాడు అధికారి దిబ్బ దగ్గరికి వచ్చాడు, వెంట జయన్న. మా ఆయన నా పాత లెక్కతో టైపు చేసిన కాగితం చదివారు. అధికారి గుట్ట వైపు తిరిగి తనే చట్రం విసిరాడు. "ఇందులో ఎన్ని ఉన్నాయో చెప్పండి మాస్టారూ."

మా ఆయన వంగి చూశారు. "మూడు... నాలుగు."

నేను ముందుకొచ్చి నా ఇరవై కాగితాలు అందించాను. "ఆ లెక్క నేను తప్పు చేశానండీ. సరిచేసింది ఇది. గుట్ట మీద చట్రానికి సగటున ముప్పై ఒక్క మొక్కలు."

"ఆవిడకేం తెలుసు సార్, ఇంట్లో ఉండే మనిషి" అన్నారు మా ఆయన.

ఉచ్చీరమ్మ ఎవర్నీ అడగలేదు. చట్రం పక్కన కూర్చుని గీకడం మొదలుపెట్టింది. నేను పేర్లు చెబుతూ పోయాను. ఇరవై తొమ్మిదో మొక్క దగ్గర అధికారి కలం తీశాడు.

"దిబ్బ మీద ఈ రకాలు మొలిచేదాకా ఈ గుట్ట జోలికి పోవద్దు" అన్నాడు. జయన్న జీపెక్కాడు. మా ఆయన కూడా.

"కొలిచిందెవరని రాయమంటారమ్మా?" అని అధికారి నన్నడిగాడు.

"ఉచ్చీరమ్మ. ఆమె దగ్గర నేర్చుకున్నది, రమాబాయి."

గుట్ట దిగుతుంటే ఉచ్చీరమ్మ అంది. "ఆ దిబ్బ మీద ఇవి మొలవాలంటే కార్తీకంలో ఇత్తనాలు ఏరల్ల. వారం పడతాది. ఇంట్లో అడిగి వస్తావా?"

"అడగను" అన్నాను. "చెప్పి వస్తాను."