పుస్తకం ప్రకారం తొమ్మిది గంటల నలభై నిమిషాలు

దర్జీ అక్క పొద్దున్నే లేచి, కుట్టుమిషన్‌కి నూనె వేసి, ముందురోజు మిగిలిన పని ముగించాకే టీ పెట్టుకుంటుంది. చొక్కాలు బిగించడం, ప్యాంట్లు పొట్టి చేయడం ఆమె పని. అడిగితే దూరాలు కూడా పొట్టి చేస్తుంది. పాత లైనింగ్ గుడ్డ మీద సుద్దతో రెండు గుర్తులు పెట్టి, మధ్యలో మడిచి కుట్టేస్తుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు పోరితే, బస్టాపుని వీధి మొదటికి తెచ్చింది అలాగే.

ఆ రోజు ఆరింటికి ఫోన్ మోగింది. ఆమె చెల్లెలికి కిడ్నీ మార్చాలి. మార్చే ఆసుపత్రి ఎనిమిది వేల కిలోమీటర్ల అవతలి నగరంలో ఉంది. నాలుగేళ్ళుగా అక్కడి జాబితాలో చెల్లెలి పేరుంది. ఫోన్ చేసింది ఆ జాబితా చూసే గుమస్తా. కిడ్నీ దొరికిందట, వంతు చెల్లెలిదేనట. కానీ ఆరు గంటల్లో రావాలి, విమానానికే తొమ్మిది గంటల నలభై నిమిషాలు పడుతుంది, అందుకని తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తున్నామని చెప్పడానికి చేశాడట.

"రాలేమని తెలిసీ నాలుగేళ్ళు జాబితాలో ఎందుకుంచావయ్యా?" అంది అక్క.

"ఉంచకూడదని రూలు లేదండీ."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? గుక్కెడు నీళ్ళు కూడా కొలుచుకుని తాగే మనిషికి ఆశపెట్టి, ఒక అంకె చూపించి లాగేసుకోవడం ఎక్కడి మర్యాద? పన్నెండు కొట్టేదాకా ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేసింది. సుద్దముక్క తీసింది. ఎనిమిది వేల కిలోమీటర్లంటే మందం తక్కువేం కాదు, రెండు సూదులు విరిగాయి. అయినా మూడు వరసలు కుట్టి, చెల్లెల్ని లేపి టాక్సీ ఎక్కించింది.

రెండు నగరాల్లోనూ గడియారం ఒకటే. ఎనిమిదింటికి లేచిన విమానం పదకొండుంబావుకి దిగింది. రెండో భోజనం ఎగ్గొట్టారని ప్రయాణికులు సణుక్కున్నారు. పన్నెండుకి పావుగంట ఉందనగా అక్కచెల్లెళ్ళు గుమస్తా బల్ల ముందు నిలబడ్డారు.

ఆయన పుస్తకం తిరగేశాడు. ఎనిమిదింటి విమానం సాయంత్రం ఐదూ నలభైకి గానీ రాదు కాబట్టి, వాళ్ళింకా రాలేదని తేల్చాడు.

"మరి నీ ఎదురుగా నిలబడ్డది ఎవరు?"

"దూరం తగ్గించుకుంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలండీ. మా దగ్గర పాత అంకే ఉంది. ఐదూ నలభై దాటాక రండి."

అప్పుడు అక్క గొంతు మూడు అంతస్తులకీ వినిపించింది. తలుపు తీసుకుని సర్జనమ్మ బయటికొచ్చింది. గోడ గడియారం చూసింది, చెల్లెలి ఉబ్బిన పాదాలు చూసింది. ఎవర్నీ ఏమీ అడక్కుండా ఆమెని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తానే తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళింది.

గుమస్తా మాత్రం రూలు తప్పలేదు. సరిగ్గా ఐదూ నలభైకి చెల్లెలి పేరు పక్కన 'వచ్చారు' అని రాశాడు. అప్పటికి ఆమె కొత్త కిడ్నీ పని మొదలుపెట్టి గంటన్నర అయింది.