అతికించడానికి తలుపేది?

పాత భవనాలను కూల్చకుండా కాపాడటం మా ఆఫీసు పని. వాటికి నోటీసులు అతికించడం నా పని. మైదా జిగురు, కుంచె, కెమెరా, ఇవే నా ఆయుధాలు. నవ్వొస్తే నవ్వండి, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

పాత తంతి ఆఫీసు ఫైలు పట్టుకుని మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాను. సున్నం మేస్త్రీ అయిన మా నాన్న నలభై ఏళ్లు ఆ గోడలను బాగుచేశాడు. చిన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్లి, గోడను వేలితో కొట్టి వినిపించేవాడు. "గట్టిగా మోగితే గోడ బతికున్నట్టు. డొల్లగా మోగితే మళ్లీ పూత వెయ్యాలి," అనేవాడు. ఆ నున్నటి పూతలో నా మొహం చూసుకుని జడ సర్దుకునేదాన్ని.

చివరికి ఒక శుక్రవారం మా అధికారి నోటీసు మీద సంతకం పెట్టాడు. అది అతికించాక అభ్యంతరాల కోసం ముప్పై రోజులు ఆగాలి. రక్షణ ఆ తర్వాతే.

"ఈలోపు ఓనరు కూల్చేస్తేనో? ముందు ఆపమని ఒక ఉత్తర్వు ఇవ్వండి సార్," అన్నాను.

"సోమవారం చూద్దాంలేమ్మా. ఇప్పుడేం కొంప మునిగిపోదు."

"అయితే నోటీసు కూడా సోమవారమే అతికిస్తాను."

"కుదరదు. సంతకమైన రోజే అతికించాలి. రూలు."

అతికించాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే. నెల తర్వాత తాళం వేస్తాం బాబూ అని దొంగకు చెప్పొచ్చినట్టయింది.

శనివారం పొద్దున్నే పొక్లెయిన్ దిగింది. పోలీసులకు ఫోన్ చేస్తే ఉత్తర్వు చూపించమన్నారు. అధికారి ఫోనే ఎత్తలేదు. నేనూ నాన్నా దుమ్ములో నిలబడి చూశాం. నా నోటీసుతో సహా తలుపు కూలింది. నాన్న ఒక గోడ ముక్క ఏరుకుని వేలితో కొట్టి చూశాడు.

"ఇంకో వందేళ్లు ఉండేది," అన్నాడు.

ముప్పై ఒకటో రోజున అధికారి నన్ను పిలిచాడు. ఆ మొహంలో సిగ్గూ లేదు, బాధా లేదు.

"అభ్యంతరాలేవీ రాలేదు. రక్షణ ఉత్తర్వు ఇచ్చేశాను. తలుపుకి అతికించి, ఫొటో ఫైల్లో పెట్టు."

"తలుపేది సార్?"

"ఏదో ఒక తలుపు చూడమ్మా. ఫైలు మూసెయ్యాలి కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ఇంటికెళ్లాను.

"నాన్నా, జిగురు కావాలి. గీకినా ఊడనిది."

నాన్న ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. రాతి పగుళ్లు అతికే జిగురు కాచి డబ్బాలో పోసిచ్చాడు.

మర్నాడు ఆఫీసు తెరవగానే ఆ ఉత్తర్వును అధికారి గది తలుపుకే అతికించాను. దీన్ని తొలగించినవారు శిక్షార్హులు అని అందులో ఉంది, దాని కింద ఆయన సంతకమే ఉంది. ఫొటో తీసి ఫైల్లో పెట్టాను.

అధికారి వచ్చాడు, చూశాడు, గోటితో ఒక మూల గీకాడు. ఊడలేదు.

"ఏంటిది? పీకెయ్!" అని అరిచాడు.

"అభ్యంతరం ఉంటే రాసివ్వండి సార్," అన్నాను. "ముప్పై రోజులు ఆగుతాను."