వేడి తెలియని చేతులు

జాయ్సీకి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే. కూతురు కెజియాకు ఏదైనా జబ్బు అంటుతుందని, అది తను చేసిన పనివల్లే అంటుతుందని. ఏడాదిన్నర పిల్లను రాజోలు దగ్గర అక్క ఇంట్లో వదిలి కువైట్ విమానం ఎక్కిన రోజున పట్టుకున్న భయం అది. ఇప్పుడు పిల్లకు మూడేళ్లు. భయం మాత్రం తగ్గలేదు.

కువైట్‌లోని జాబ్రియాలో ఆమె పనిచేసే ఇంట్లోనే వంట చేస్తుంది ఎలీసమ్మ. పాలకొల్లు వైపు మనిషి. నలభై ఐదు దాటాయి. జాయ్సీకి పిన్ని వరస కలిపింది. కిందటి వేసవిలో ఎలీసమ్మ సెలవు మీద వెళ్తుంటే, పిల్లను కళ్లారా చూసి రమ్మని జాయ్సీ బతిమాలింది. ఆవిడ ఇరవై రోజులు అక్కడే ఉండి, కెజియాను పక్కలో వేసుకుని పడుకుని వచ్చింది. "నీ కూతురు నా మెడ పట్టుకుంటే వదల్దే పిల్లా" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం, వాళ్లు మామా అని పిలిచే యజమానురాలి చిన్న కూతురు దానా పెద్ద అట్ట పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. బడిలో దానాకు బెల్జియం దేశం వచ్చిందట. అక్కడ పుట్టి పేరు తెచ్చుకున్నవాళ్ల బొమ్మలు అంటించి, కింద రెండు ముక్కలు రాయాలట. తొమ్మిదో తరగతిలోనే చదువు ఆగిపోయినా జాయ్సీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అందుకే రాతపని ఆమె మీద పడింది.

దానా చదివి వచ్చీరాని మాటల్లో చెబుతుంటే జాయ్సీ బొమ్మలు అంటించింది. సాక్సోఫోన్ చేసిన సాక్స్. పటాలు గీసిన మెర్కేటర్. శవాలను కోసి చూసి, మనిషి ఒంట్లో ఏది ఎక్కడుందో చెప్పిన వెసాలియస్. సైకిలు పందేల్లో అందర్నీ ఓడించిన మెర్క్స్.

"బూర చేసినోడికి కూడా పటం కడతారేంటే!" అంది పొయ్యి దగ్గర్నుంచి ఎలీసమ్మ. "అయితే మా పేటలో బ్యాండు సుబ్బన్నకి విగ్రహమే పెట్టాల. ఆ సైకిలాయన్ని చూడు. మా ఆయన పాలకొల్లు నుంచి నర్సాపురం రోజూ తొక్కేవోడు. ఒక్కడూ ఫోటో తియ్యలేదు."

"నువ్వైనా తియ్యకపోయావా పిన్నీ?"

"తీద్దును. సైకిలు అడ్డొచ్చింది."

జాయ్సీ నవ్వుతూనే తర్వాతి బొమ్మ తీసింది. గుండ్రటి కళ్లద్దాల పాదిరీ. పేరు డేమియన్. కుష్ఠు వచ్చినవాళ్లను తీసుకెళ్లి వదిలేసే మొలొకాయ్ దీవికి ముప్పై మూడేళ్ల వయసులో వెళ్లాడు. వాళ్ల పుళ్లు కడిగాడు, వాళ్లతో కలిసి తిన్నాడు, చనిపోయినవాళ్లకు పెట్టెలు చేశాడు. పదకొండేళ్లు గడిచాక ఒకరోజు మరిగే నీళ్లలో కాళ్లు పెట్టాడు. చర్మం బొబ్బలెక్కింది. ఆయనకు మాత్రం వేడి తెలియలేదు. తనకూ ఆ జబ్బు వచ్చిందని అప్పుడు అర్థమైంది.

"యల్లా, రాయి" అని తొందరపెట్టింది దానా.

జాయ్సీ పెన్ను కదలలేదు. అప్పుడే ఎలీసమ్మ ఓవెన్‌లోంచి కోడి ట్రే బయటికి తీస్తోంది. గుడ్డ లేదు, వట్టి చేతులు. ఆ ఇంట్లో అందరూ వాటిని ఇనప చేతులని మెచ్చుకునేవారు. మణికట్టు దగ్గర పాలిపోయిన మచ్చ ఉంటే, బాత్రూములు కడిగే మందు పడిందిలే అనుకున్నారు. అక్కడ పనిచేసే ఆడవాళ్లలో అలాంటి మచ్చ లేనిదెవరికి?

జాయ్సీ ఆలోచన పిన్ని మీదికి పోలేదు. ఇరవై రోజులు ఆ చేతుల మధ్య పడుకున్న కెజియా గుర్తొచ్చింది.

ఆ రాత్రే, ఇద్దరూ పడుకునే గదిలో ఆమె తన పరుపు గోడవైపు జరుపుకుంది. ఎలీసమ్మ తాగిన గ్లాసు రెండోసారి సబ్బుతో కడగడం మొదలుపెట్టింది. మూడోరోజు ఎలీసమ్మ సింకు దగ్గర నిలబడి చూసింది.

"మా అమ్మ కాలంలో హోటళ్లలో మనకి గ్లాసులు వేరేగా పెట్టేవోరంట. ఆ గొడవ అయిపోయిందనుకున్నానే. నువ్వు మళ్లీ మొదలెట్టావా?"

జాయ్సీ చేతిలోని గ్లాసు వదిలేసి భోరుమంది. ఏడుస్తూనే అంతా చెప్పింది.

"పెద్దరోగమా? నాకా?" ఎలీసమ్మ గొంతు లేచింది. "నోరు కడుక్కోయే!"

"కోప్పడు పిన్నీ, ఎంతైనా కోప్పడు. ఒక్కసారి కళ్లు మూసుకో. నేను ముట్టుకున్నప్పుడల్లా చెప్పు."

ఎలీసమ్మ విసుక్కుంటూనే కళ్లు మూసింది. జాయ్సీ ఆ మచ్చ మీద పెన్ను మొనతో ఒకసారి తాకింది. మళ్లీ తాకింది. మూడోసారి కొంచెం నొక్కింది.

"ఇంకా మొదలెట్టవేంటే?" అంది ఎలీసమ్మ.

కళ్లు తెరిచి, పెన్ను ఎక్కడుందో చూసుకుంది. చెయ్యి వెనక్కి లాక్కుని, "మామాకి చెప్పకే. ఇక్కడ తెలిస్తే ఊళ్లో తెలుస్తాది. మా వాడి సంబంధం ఆగిపోద్ది" అంది.

మర్నాడు జాయ్సీ అక్కకు ఫోన్ చేసింది. అక్క వెంటనే వాళ్ల ఊరి ఆశా వర్కరు వెంకటేశ్వరిని ఇంటికి పిలిపించింది. ఆమె కెజియాను బట్టలు విప్పి తల నుంచి కాళ్ల దాకా చూసింది. మచ్చ లేదు. "అయినా మధ్య మధ్యలో చూస్తుంటాను" అని చెప్పి, ఫోన్ తీసుకుని, గ్లాసుల సంగతి విని జాయ్సీని గట్టిగానే మందలించింది. "గ్లాసులు కడిగితే పోయే జబ్బు కాదండీ అది, మాత్రలు మింగితే పోతాది. గవర్నమెంటాసుపత్రిలో ఊరికే ఇస్తారు. మొదలెట్టాక ఇంకెవరికీ అంటదు. ఏడాదిపాటు మింగమంటారేమో, మధ్యలో మాత్రం ఆపకూడదు. ఆపితే వేళ్లు వంకర్లు పోతాయి. ఆవిడ్ని తొందరగా పంపించండి."

మోకాళ్ల నొప్పులని మామాకు చెప్పి ఎలీసమ్మ టికెట్టు వేయించుకుంది. వెళ్లేరోజు జాయ్సీ దగ్గరికి వస్తే వెనక్కి జరిగింది. "వద్దే. నీకు చిన్నపిల్లుంది." జాయ్సీ వినలేదు. గట్టిగా పట్టుకుంది. డేమియన్ అంతటి ధైర్యం ఆమెకు లేదు. అయినా కారు హారన్ మోగేదాకా వదల్లేదు.

ఊరు చేరిన వారానికి ఎలీసమ్మ మొదటి నెల మాత్రల అట్ట ఫోటో పంపింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. ఇప్పుడు ఆ నంబరే పనిచేయడం లేదు. ఆ ఫోటో వచ్చి నలభై రోజులైంది. వెంకటేశ్వరిని అడిగితే, ఆ ఊరు గోదావరికి అవతల, తన పరిధి కాదంది.

ఇది చదివేవాళ్లలో పాలకొల్లు వైపువాళ్లు ఉంటారు. చించినాడ వంతెన దగ్గరికెళ్లి, కువైట్ ఎలీసమ్మ ఇల్లని అడగండి. ఇంట్లోవాళ్ల ముందు జబ్బు పేరు ఎత్తకండి. జాయ్సీ చూసి రమ్మందని చెప్పి, ఆవిణ్ణి కాస్త పక్కకు పిలిచి, రెండో నెల మాత్రలు తెచ్చుకుందో లేదో దయచేసి కనుక్కోండి.